బుజ్జిదాని మీద నీటి ఆవిరి

"ముప్ఫై ఒక్క డిగ్రీలండీ! మన వంటింటికన్నా చల్లన, మా బుజ్జిది."

కాఫీ కప్పు చేత్తో పట్టుకుని ఆమె గిర్రున ఒక చుట్టు తిరిగింది. పెళ్ళికి కానుకగా వచ్చిన ఆరు కప్పుల్లో ఇంకా పగలని రెండింటిలో అదొకటి. పెళ్ళై రెండు నెలలు. భర్త పనిచేసే ఆఫీసులోనే ఆమె చేరి నెలన్నర. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద ఎంత వేడి ఉందో, ఎలాంటి గాలి ఉందో లెక్కగట్టడం అక్కడి పని.

బుజ్జిది ఆమె వంతుకు వచ్చిన గ్రహం. అది తన నక్షత్రానికి అడ్డంగా వెళ్ళినప్పుడల్లా, దాని గాలిలోంచి కాస్త వెలుగు వడకట్టుకుని వస్తుంది. ఆ వెలుగులో ఆమెకు నీటి ఆవిరి ఆనవాలు దొరికింది. మూడు వారాలుగా కాలు నేల మీద ఆనడం లేదు.

"ఇంకోసారి చూసుకో," అన్నాడు భర్త.

"పదకొండుసార్లు చూశా. ఏంటి, కుళ్ళా?"

"ఛ, అదేం కాదు."

"మరి ఆ మొహమేంటి, కాఫీలో ఉప్పు పడ్డట్టు?"

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మీ నాన్నగారికి మాత్రం ఇవాళ మీటింగ్ అయ్యాకే చెప్పు."

"నిన్ననే చెప్పేశా! ఆయన ఊరుకుంటారా? పొద్దున్నే క్లాసులో బోర్డు మీద బొమ్మ వేస్తారట. మా అమ్మాయి కనిపెట్టిందర్రా అని."

అతను తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాడు.

"టైమవుతోంది, పద," అన్నాడు చివరికి.

మీటింగ్‌లో ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. జట్టుకు పెద్ద అయిన మేడమ్ మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"లెక్కలో ఒక్క తప్పు లేదమ్మా. బంగారంలా చేశావు. కానీ కొత్తవాళ్ళకి మేం చెప్పని పద్ధతి ఒకటుంది. మన లెక్క నిజంగా ఆనవాళ్ళు పట్టగలదో లేదో చూడ్డానికి, అప్పుడప్పుడూ అసలు కొలతల్లో ఒక దొంగ ఆనవాలు కలిపి పెడతాం. ఆ ఫైలు ఎవరి వంతుకు వెళ్తుందో కలిపినవాళ్ళకి ముందు తెలీదు. తెలిశాక కూడా, ఈ మీటింగ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లోవాళ్ళకైనా సరే."

ఆమె గోడ మీది పాయింటర్ ఎర్ర చుక్కని ఆపేసింది.

"అంటే... నీళ్ళు?"

"లేవమ్మా."

"ముప్ఫై ఒక్క డిగ్రీలు?"

"అదీ కలిపిందే."

"మా నాన్నకి ఏం చెప్పను?" అంది ఆమె, ఎవరిని అడుగుతోందో తనకే తెలియకుండా.

మేడమ్ గదిలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"కలిపినవాళ్ళు లేచి నిలబడండి."

తలెత్తకుండా, మొదటి వరసలోంచి ఆమె భర్త లేచాడు.