ఇసుక దిబ్బ కాపలా

"గుడ్ల మధ్యన దిష్టిబొమ్మను పాతిందెవరయ్యా?"

హుస్సేన్ సాహెబ్‌ది మిరపచేలో ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టుకు వినపడే గొంతు. ఇసుక దిబ్బ మీద పొదుగుతున్న తెల్లపిట్టలు ఓ పాతిక ఒక్కసారిగా లేచాయి. పడవ నడిపే జక్రయ్య కంగారుపడ్డాడు. సాహెబు నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేశాడు.

"మెల్లగా, సాయిబు గారూ. అవి లేస్తే ఎండకి గుడ్లు ఉడికిపోతాయండి."

సాహెబుకు సిగ్గేసింది. పిట్టలన్నీ మళ్లీ దిగి, ఇసుకలో తమ తమ గుంటలు వెతుక్కుని కూర్చున్నాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

నిజానికి ఆయన పిట్టల కోసం రాలేదు. పోయిన ఆదివారం కొత్తపట్నం తీరంలో మనవరాలు నజ్మీన్‌ని అల లాక్కుపోతే, ఎవరో దూకి ఒడ్డున పడేసి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. వాకబు చేయగా చేయగా అతని పేరు బెన్నీ అనీ, దిబ్బ మీద పిట్టలకు కాపలా ఉంటాడనీ తెలిసింది. పొద్దంతా అక్కడే ఉంటాడనడంతో పిట్టల్ని చూపించే ఈ పడవ ఎక్కాడు. ఒళ్లో భార్య జహీరున్నీసా పట్టిన పండుమిరప పచ్చడి జాడీ ఉంది.

వంద గజాల దూరంలోనే జక్రయ్య పడవ ఆపేశాడు. అంతకంటే దగ్గరికి పోకూడదట. ఎండ మరీ ఎక్కువైతే తల్లిపిట్ట నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుందని చెప్పి, అలా వస్తున్న ఒకదాన్ని చూపించాడు. సాహెబు నోరు తెరుచుకుని చూశాడు. ఇంత చిన్న ప్రాణికి ఎంత తాపత్రయమో అనుకున్నాడు.

బెన్నీ మాత్రం కనపడలేదు. దిబ్బకు ఒక పక్కన తాటాకు పాక ఉంది, దాని తడిక మూసి ఉంది. గుడ్ల నడుమ చిరుగుల చొక్కా, గడ్డి టోపీతో ఆ దిష్టిబొమ్మ. కాకులు దాని పైన చక్కర్లు కొట్టి, దిగే ధైర్యం లేక వెళ్లిపోతున్నాయి. సాహెబుకు సంగతి అర్థమైపోయింది. నలభై ఏళ్లుగా చేలల్లో బొమ్మలు పాతుతున్న మనిషి, ఆయనకు ఒకరు చెప్పాలా!

"బొమ్మని కాపలా పెట్టి మనవాడు పాకలో పడుకున్నాడన్నమాట" అని గొణిగాడు.

జక్రయ్య ఏదో చెప్పబోయాడు గానీ ఆయన వినిపించుకోలేదు. ముందు మనసు కాస్త చివుక్కుమంది. అంతలోనే, పొద్దున బడికి పోనని ఇల్లు పీకి పందిరేసిన నజ్మీన్ గుర్తొచ్చింది. ఆ గోల ఈ రోజు తన ఇంట్లో వినపడుతోందంటే ఎవరి చలవ? కళ్లు చెమర్చాయి.

"పడుకోనీలే నాయనా. ఎంతసేపైనా పడుకోనీ. మా బిడ్డని మాకిచ్చినోడు, ఆయనకి నిద్రాభంగం చేస్తానా?"

జాడీని జక్రయ్య చేతిలో పెట్టి, లేచాక ఇవ్వమన్నాడు. ఊగుతున్న పడవలోనే లేచి నిలబడి, మూసి ఉన్న పాక వైపు తిరిగి మనసారా సలాం చేశాడు.

జక్రయ్య నవ్వాపుకుంటూ ఆయన భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. "అటు కాదండీ."

గుడ్ల నడుమ దిష్టిబొమ్మ, ఒక్క పిట్ట కూడా లేవనంత నెమ్మదిగా, కుడిచెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టుకుంది.