కనిపెట్టింది ఎవరు

బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పనిచేసే డాక్టర్ శశిరేఖ వీసా ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ప్రతిభ చూపించి పరాయిదేశంలో ఉద్యోగానికి వెళ్ళాలంటే ఇప్పుడు కాగితాలు పనికిరావు, నిజాలపెట్టె ముందు నోటితో చెప్పాలి. "ఉప్పునీటిలో పండే వరిని నేనే కనిపెట్టాను" అని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అబద్ధమని ఎర్రదీపమే వెలిగింది. ఇక మిగిలింది తోటివాళ్ళ సాక్ష్యం.

పదేళ్ళుగా అక్కడ నారుమళ్ళు చూసే దీనమ్మ చేతుల బురద కడుక్కుని వచ్చి పెట్టె ముందు కూర్చుంది.

"ఆ వరిని కనిపెట్టింది ఎవరు?" అని పెట్టె అడిగింది.

"మా డాక్టరమ్మేనండి," అంది దీనమ్మ తడుముకోకుండా. "ఉప్పు మడిలో అన్నీ మాడిపోయినా ఒక్క మొక్క పచ్చగా ఉంటే, నేను తీసి పక్కన నాటానంతే. మూడు నెలలు పిట్ట వాలకుండా కనిపెట్టుకుని ఉన్నాను. కనిపెట్టుకుని ఉండటం వేరు, కనిపెట్టటం వేరు గదండీ. దానికి చదువుండాల."

పచ్చదీపం వెలిగింది. పెట్టె పసిగట్టగలిగేది గొంతులోని అబద్ధాన్ని మాత్రమే. దీనమ్మ గొంతులో అది మచ్చుకైనా లేదు.

శశిరేఖకు తల కొట్టేసినట్టయింది.

"సరిగ్గానే చెప్పానా అమ్మా?" అని లేవబోతూ అడిగింది దీనమ్మ.

పెట్టె ఇంకా వింటూనే ఉంది. శశిరేఖ నోరు విప్పలేదు. తల మాత్రం ఊపింది.