ఒకటో నంబరు తలుపు

“శుక్రవారం పన్నెండింటికల్లా ఇక్కడ ఒక్క మంచిమాటైనా కనబడాలి మామయ్యా. లేకపోతే హాస్టలాయన మన వైపు కన్నెత్తి చూడడు” అంది మేనకోడలు, ల్యాప్‌టాప్ మీద పడ్డ రంపపు పొట్టు ఊదుతూ. చిన్న చిన్న కొట్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆ పిల్ల ఉద్యోగం.

వడ్రంగి మేస్త్రి తెర వైపు వంగాడు. తన కొట్టు, తను చేసిన బల్లలు, ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి. ‘కస్టమర్ల మాట’ అన్నచోట మాత్రం తెల్లగా ఖాళీ. కొత్తగా కడుతున్న హాస్టలుకు నలభై తలుపులు కావాలి. ఆ పని దొరికితే కొట్టు నిలబడుతుంది. లేదంటే దానికి తాళం పెట్టి, ఒకటో తారీఖు నుంచి ఫర్నిచర్ ఫ్యాక్టరీలో తన దగ్గర పని నేర్చుకున్నవాడి కిందే చేరాలి.

“దానికేముందే, నువ్వే నాలుగు ముక్కలు రాసిపడెయ్.”

“దొంగమాటలు రాయను. చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. పని చేయించుకున్నవాళ్లే రాయాలి.”

“అలాంటివాళ్లు ఊరంతా ఉన్నారుగా.”

“పన్నెండు మందికి ఫోన్ చేశాను. పని బంగారం అన్నారు. తేదీ సంగతి ఎత్తగానే పన్నెండు మందీ ఒకేలా నవ్వారు.”

మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి, చూసి, మళ్లీ చెవిమీదే పెట్టుకున్నాడు.

అన్నం డబ్బా తెచ్చిన ఆయన భార్య తెర మీద ఎర్రక్షరాల దగ్గర వేలు పెట్టింది. “ఇదేంటే?”

“హామీ అత్తయ్యా. ఆర్డరు పెట్టగానే తేదీ ఇస్తాం. తప్పితే డబ్బు వాపసు.”

“రాసిస్తారా?”

“రాసే ఇస్తాం.”

“మీ మామయ్యేనా?”

“ఆయనే.”

“అలాగా” అని ఆవిడ వెళ్లిపోయింది.

“మరి ఆర్డరు పెట్టేవాళ్ల పేరూ ఊరూ అడగవేంటే ఇందులో?” అన్నాడు మేస్త్రి.

“ప్రశ్నలు ఎక్కువైతే జనం మధ్యలోనే పారిపోతారు మామయ్యా. ఏం కావాలో రాస్తే చాలు. ఆర్డరు నంబరు మనమిస్తాం.”

ఆ సోమవారం మూడింటికి ల్యాప్‌టాప్ టింగుమంది.

‘అలమర తలుపు ఒకటి. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, ఎడమవైపు బందులు. మూడేళ్లుగా ఒకతను రేపు, రేపు అంటున్నాడు. దుప్పటి అడ్డం కట్టుకుని గడుపుతున్నాం. గురువారం ఐదింటికి బండి పంపుతాను. బిగించడం నేను చూసుకుంటాను. కుదురుతుందా, కుదరదా?’

“మూడేళ్లా!” మేస్త్రి నొచ్చుకున్నాడు. “ఎవడో గాని, ఇలాంటివాళ్ల వల్లే మాకందరికీ చెడ్డపేరు.”

మేనకోడలు గొంతు తగ్గించింది. “మామయ్యా, ఇది హాస్టలాయనేనేమో. నలభై ఇచ్చేముందు ఒకటి చేయించి చూద్దామని.”

“వచ్చే వారం అని రాయ్.”

“గురువారం.”

“పోనీ శనివారం?”

“గురువారం మామయ్యా.”

రాసేసింది. నొక్కేసింది.

మంగళవారం పొద్దున్నే ఇంకో టింగు. ‘మొదలుపెట్టారా?’ మేనకోడలు గోడకు ఆనించిన చెక్క ఫోటో పంపింది. నిమిషంలో జవాబు వచ్చింది. ‘కొన్న చెక్క కాదు, కోసిన చెక్క చూపించండి.’

“వీడెవడో మన గుట్టు తెలిసినవాడే” అని గొణుగుతూ మేస్త్రి రంపం అందుకున్నాడు.

“వడ్రంగులతో బాగా అనుభవం ఉన్నట్టుంది” అంది మేనకోడలు.

బుధవారం సాయంత్రం బందుల చోటు చెక్కుతుంటే ఉలి జారింది. వేలెడు పొడవున తలుపు చీలింది.

“జిగురు పెట్టి రంగేస్తే ఎవరికీ తెలీదు” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

మేనకోడలు తెర మీద ఖాళీగా ఉన్న ఆ తెల్లటి చోటును ఆయన వైపు తిప్పింది. మేస్త్రి చీలిన తలుపును పక్కన పారేసి కొత్త చెక్క లాగాడు.

గురువారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు. రోజూ అయితే ఆవిడ కసిరేదే. ఆ రోజు మాత్రం, “అన్నం ఎక్కడికీ పోదులెండి, పని కానివ్వండి” అంది. నాలుగూ యాభైకి కూడా మేస్త్రి అంచులకు గరుకు కాగితం పడుతూనే ఉన్నాడు. సరిగ్గా ఐదింటికి సామాన్ల బండి ఆగింది.

“ఒకటో నంబరు” అన్నాడు బండతను.

“ఎవరయ్యా పంపింది?”

“నంబరు చెప్పమన్నారు, చెప్పాను. పేర్లూ గీర్లూ నాకెందుకండీ.”

శుక్రవారం పదకొండు దాటింది. ఏమీ రాలేదు. పదకొండున్నరకు మేస్త్రి ఒకే చెక్కను రెండుసార్లు కొలిచి రెండు కొలతలు చెప్పాడు. ఇంకో పది నిమిషాల్లో పన్నెండవుతుందనగా టింగుమంది.

‘తలుపు బిగించాను. అతికినట్టు కూర్చుంది. అంచులు చేతికి గుచ్చుకోవు. చెప్పిన రోజుకే ఇచ్చారు. ఈయన తలుచుకుంటే చేయగలరని ఇన్నాళ్లకు తెలిసింది.’

మేనకోడలు కళ్లు తుడుచుకుని, పొట్టు పడిందంది. పన్నెండూ ఐదుకు ఫోన్ మోగింది.

“మీ సైట్‌లో ఆ ఒక్క మాట చదివాను మేస్త్రీ” అన్నాడు హాస్టలాయన. “నాకు తేదీ తప్పనివాడు కావాలి. సోమవారం కొలతలకి రండి.”

“అలాగేనండీ. మరి మీ అలమర తలుపు బాగా కుదిరిందా?”

“ఏ అలమర?”

ఫోన్ పెట్టేసి మేస్త్రి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, ఎవరైతే ఏంలే, నలభై తలుపులు వచ్చాయిగా అనుకుని, ఆ మాట భార్యతో చెబుదామని ఇంటికి పరుగులాంటి నడక నడిచాడు. ఎన్నడూ లేనిది వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

మూడేళ్లుగా అలమరకు వేలాడిన దుప్పటిని ఆవిడ ఉతికి మడతపెడుతోంది.