మూడో సబ్‌వూఫర్

“మూడోది కూడా తగిలించు,” అన్నాడు నాదబ్రహ్మ షాపు నుంచి వచ్చిన మెకానిక్‌తో, కుర్చీలోంచి కదలకుండానే.

నాదబ్రహ్మ అనేది ఆఫీసులో వాళ్ళు వెటకారానికి పెట్టిన పేరు. ఆయన మాత్రం అది బిరుదనుకుని మురిసిపోతుంటాడు. లోకం మొత్తం మీద సరైన చెవులు రెండే ఉన్నాయనీ, ఆ రెండూ తన తలకే ఉన్నాయనీ ఆయన నమ్మకం.

ముందుగదిలో మూలకొకటి చొప్పున ఇప్పటికే రెండు సబ్‌వూఫర్లున్నాయి, పాటలో దెబ్బని దడదడలాడించే స్పీకర్ పెట్టెలు, నల్లగా, నడుమెత్తున. పాటలో డ్రమ్ము మోగిందంటే వంటింట్లో మూతలు గలగలలాడతాయి, కిటికీ అద్దాలు వణికిపోతాయి. ఆయన కుర్చీలో మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే పోయిన వారం తోడల్లుడి ఇంట్లో, ఒకే ఒక్క డొక్కు సబ్‌వూఫర్‌కి దెబ్బ సూటిగా వచ్చి గుండెల మీద పడింది. తుమ్ముకీ తబలాకీ తేడా తెలియని మనిషి ఆ తోడల్లుడు. అలాంటివాడి ఇంట్లో నాదబ్రహ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ తోడల్లుడే ఇవాళ నాలుగు గంటలకి వీళ్ళింటికి వస్తున్నాడు.

ఇంట్లో భార్య గోల ఇంకొకటి. ఆదివారం ఆవిడకి ప్రమోషన్ పరీక్ష. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే రిటైరయ్యేదాకా గుమాస్తాగానే ఉండాలి. పాటతో తనకేం పేచీ లేదట, ఆ దెబ్బలే తలలో సమ్మెటతో కొట్టినట్టున్నాయట. పడగ్గది, వంటిల్లు, ఆఖరికి మెట్ల మీద కూర్చున్నా వదలట్లేదట. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగట్లేదట. ఆదివారం దాకా మూడోది వద్దని పొద్దున్నుంచీ బతిమాలుతోంది.

“బుర్ర ఉన్నవాళ్ళు సంతలో కూర్చునైనా చదువుతారు,” అని ఆయన పెదవి విరిచాడు.

వైర్లు కలపమంటే మెకానిక్ ఆ పని మానేసి, పాట పెట్టి, మోకాళ్ళ మీద గదంతా పాకడం మొదలుపెట్టాడు. నాలుగడుగులకోసారి ఆగి తల వంచి వింటాడు, మళ్ళీ పాకుతాడు. ఏం పారేసుకున్నావయ్యా అని నాదబ్రహ్మ ఎగతాళి చేశాడు. దెబ్బ ఎక్కడ పడుతోందో ఎక్కడ పడట్లేదో ఇలాగే పట్టుకోవాలని వాడు జవాబిచ్చాడు. పాకుతూ పాకుతూ వచ్చి ఆయన కుర్చీ పక్కన ఆగి, కాసేపు విని, మోకాళ్ళు దులుపుకుని లేచాడు.

“లోపం పెట్టెల్లో లేదు సార్. ఎదురొచ్చే దెబ్బా, గోడకి కొట్టుకుని తిరిగొచ్చే దెబ్బా సరిగ్గా మీ కుర్చీ దగ్గర ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. ఒకే తలుపుని ఇద్దరు చెరో పక్కనుంచి తోసినట్టు. కుర్చీ రెండడుగులు వెనక్కి జరపండి, చాలు. జరపకుండా ఆ మూలల్లో ముప్పై పెట్టినా ఇక్కడ ఇంతే.”

నాదబ్రహ్మకి ఒళ్ళు మండింది. టేపు పెట్టి రెండు స్పీకర్లకీ సమాన దూరంలో తను స్వయంగా వేయించుకున్న కుర్చీ అది. నేల మీద పాకే మనిషా తనకి చెప్పేది?

“వైర్లు కలపడానికి వచ్చావు, కలుపు. కుర్చీ అంగుళం కూడా జరగదు.”

మెకానిక్‌కి మంచినీళ్ళు తెచ్చిన భార్య గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కుర్చీ వంకా, మూలల్లో పెట్టెల వంకా చూసింది. మళ్ళీ మొదలుపెడుతుంది కాబోలని ఆయన ముఖం చిట్లించాడు.

“తగిలించు బాబూ,” అంది ఆవిడ నెమ్మదిగా. “ఆయన ముచ్చట తీరనీ.”

ఇన్నాళ్ళకి దారికొచ్చింది అనుకున్నాడు నాదబ్రహ్మ. గట్టిగా ఉంటే ఎవరైనా వస్తారు.

మూడోది మోగింది. గోడ మీది క్యాలెండర్ ఊడి కిందపడింది. పై వాటావాళ్ళు నేలని దబదబా బాదారు. కుర్చీలో మాత్రం మళ్ళీ అదే చప్పిడితనం. ఖాళీ డబ్బా అంటగట్టారని ఆయన షాపువాళ్ళని తిట్టబోతుంటే కాలింగ్ బెల్ మోగింది. సౌండ్ పూర్తిగా పెంచమని మెకానిక్‌కి పురమాయించి, తలుపు తీయడానికి వెళ్ళాడు.

తోడల్లుడు గడప దాటుతూనే గుండె పట్టుకున్నాడు. “అన్నయ్యా, ఇదేం దెబ్బ. పక్కటెముకలు కదిలిపోతున్నాయి.”

ఆ దెబ్బ తలుపు దగ్గరున్న నాదబ్రహ్మ గుండెల మీద కూడా పడింది. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. మూడోదాని మహిమంటే ఇదీ అన్నట్టు మెకానిక్‌ని పురుగుని చూసినట్టు చూశాడు.

“ఇదేం చూశావు. నా కుర్చీలో కూర్చుని విను, తెలుస్తుంది,” అంటూ తోడల్లుడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు.

కుర్చీ ఖాళీగా లేదు. ఆయన భార్య అందులో కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు చదువుకుంటోంది.

“సౌండ్ ఎంత కావాలంటే అంత పెంచుకోండి,” అంది పేజీ తిప్పుతూ. “ఆదివారం దాకా నేనిక్కణ్ణించి లేవను.”