తెల్ల దుప్పటి చాటున

“ఇంకాస్త పైకెత్తండి. మీ ముక్కు కూడా కనబడకూడదు,” అంది ఫొటోలమ్మాయి.

హోటలాయన తెల్ల దుప్పటిని తలకి పైగా ఎత్తి పట్టుకున్నాడు. దుప్పటికి ఇవతల ఆయన, అవతల బల్ల, బల్ల మీద వేయించిన చేప. లైట్లేవీ తెచ్చుకోలేదేమని పొద్దున అడిగితే, పగటి వెలుగుతో తప్ప తిండి ఫొటో తియ్యనని ఆ పిల్ల తేల్చి చెప్పింది. ఆ హోటలు మొత్తానికి పగటి వెలుగు వచ్చేది ఒక్క గుమ్మంలోంచే. అందుకని బల్లని గుమ్మం దగ్గరికి జరిపించింది. లోపలికొచ్చిన వెలుగు దుప్పటికి తగిలి, వెనక్కి మళ్ళి, చేపకి రెండోవైపు పడాలట. పట్టుకున్న మనిషి కదిలాడా, చేప సగం చీకటైపోతుందట.

బల్లని జరపడం ఒక లెక్క కాదు. ఆయన్ని కుర్చీలోంచి లేపడమే గగనమైంది. గుమ్మం పక్కనున్న ఆ కుర్చీలో ఆయన పొద్దుట కూర్చుంటే మళ్ళీ హోటలు మూసేటప్పుడే లేచేది. కాపలా మరి. గల్లాపెట్టెకి కాదు, వంట మాస్టరుకి.

జనం ఆ హోటలుకి వచ్చేది మాస్టరు చేతివంట కోసం. ఆయన పోతే ఇక తలుపులకి తాళమే. రోడ్డు అవతల కొత్తగా హోటలు పెట్టిన ఎదురాయన మాస్టరు మీద కన్నేశాడని చుట్టుపక్కల అందరూ అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి హోటలాయనకి నిద్ర కరువైంది. అయితే ఆయనకి ఒక ధైర్యం ఉంది. మాస్టరు ఉత్త మొహమాటస్తుడు. ఎదుటివాళ్ళ మొహం చూస్తే ఆయనకి నోరు పెగలదు. ఈమధ్య చాలాసార్లు ఏదో చెప్పాలని గుమ్మం దాకా వచ్చాడు. ఈయన తలెత్తి “ఏం మాస్టరూ?” అంటాడు. “ఏం లేదండీ, ఉప్పు అయిపోయింది,” అని ఆయన వెనక్కి తిరిగిపోతాడు. వంటగదిలో ఇప్పుడు ఊరందరికీ సరిపోయేంత ఉప్పు ఉంది.

మాస్టరు నోరు తెరిచి అడిగింది ఒక్కటే, వంటగదికి ఒక కిటికీ. ఎదురాయన తన వంటగదికి వీధివైపున పెద్ద కిటికీ పెట్టించాడని కూడా చెప్పాడు. “కిటికీ దేనికి మాస్టరూ, కూర పారిపోవడానికా?” అని హోటలాయన నవ్వాడు. మాస్టరూ నవ్వాడు, మొహమాటానికి.

“తర్వాతది పట్రా బాబాయ్,” అని ఫొటోలమ్మాయి లోపలికి కేకేసింది.

ఆ పిల్ల కలుపుగోలుతనం హోటలాయనకి నచ్చింది. పిలవకుండా తనే వచ్చింది, కొత్త బోర్డు మీదికి ఫొటోలు ఊరికే తీసిపెడతానంది, వచ్చీ రాగానే మాస్టరుతో వరస కలిపేసింది.

మాస్టరు సూపు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“ఇది నా సూపేనా?” అన్నాడు మాస్టరు.

“నీదే.”

“ఇంత ఎర్రగా ఉంటుందా?”

“ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది బాబాయ్. నువ్వు చూసేది ట్యూబులైటు కింద కదా.”

దుప్పటి వెనకాల హోటలాయనకి మనసులో ఎక్కడో చివుక్కుమంది. అంతలోనే తమాయించుకుని, సూపు చల్లారిపోతుంది త్వరగా తియ్యమన్నాడు.

కెమెరా టిక్కు టిక్కుమంటోంది. వంటగదిలోంచి గిన్నెలు కదులుతున్న చప్పుడు గుమ్మం వైపు వచ్చింది. వాటిలో మాస్టరు సొంత పెనం కూడా ఉందని హోటలాయన చప్పుడుని బట్టే పోల్చుకున్నాడు. మాస్టరు దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. ఇప్పుడు అదెందుకని అడిగాడు. ఫొటోలో వెనకాల నాలుగు గిన్నెలుంటే నిండుగా ఉంటుందని ఫొటోలమ్మాయి చెప్పింది. చెప్పి, మబ్బు తొలుగుతోంది, ఇప్పుడు గనక కదిలారో పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ నీళ్ళపాలేనంది. ఆయన ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. చేతులు లాగేస్తున్నాయి. అయినా హోటలు కోసం ఆయన అంతకంటే పెద్ద పాట్లే పడ్డాడు.

“ఇక నేను వెళ్తానండీ,” అన్నాడు దుప్పటి అవతలి నుంచి మాస్టరు. ఆ గొంతు ఎప్పుడూ లేనంత స్థిమితంగా ఉంది. “ఉప్పు కావలసినంత ఉంది.”

హోటలాయనకి నవ్వొచ్చింది. రేపెలాగూ సెలవు కదా, హాయిగా పడుకోమన్నాడు.

కాసేపటికి వెలుగు పోయిందని ఫొటోలమ్మాయి సెలవిచ్చింది. దుప్పటి దించి భుజాలు నొక్కుకుంటూ హోటలాయన తన అనుమానం బయటపెట్టాడు. బోర్డు ఎల్లుండికల్లా సిద్ధమవుతుంది సరే, దాన్ని గుమ్మం పైన కడితే కుర్చీలో కూర్చున్న తనకెలా కనబడుతుంది?

“మీకు కనబడే చోటే కడతారండీ,” అంది ఆ పిల్ల, కెమెరా సంచిలో సర్దుకుంటూ.

సెలవు మర్నాడు మేడ మెట్లు దిగుతుంటేనే హోటలాయన ముక్కుకి సూపు వాసన తగిలింది. మాస్టరు ఎప్పటిలాగే తెల్లారకముందే వచ్చి పొయ్యి వెలిగించాడన్నమాట. ఆయనకి గుండె నిండినట్టయింది. వీధి తలుపు బార్లా తీసి, కుర్చీని దాని చోటికి లాక్కుని కూర్చుని, తలెత్తి చూశాడు.

మాట తప్పలేదు ఆ పిల్ల. కూర్చున్న చోటి నుంచే బోర్డు నిండుగా కనబడుతోంది. చేప నిగనిగలాడుతోంది. సూపు ఎర్రగా, నోరూరించేలా ఉంది. ఆ ఎరుపు చూస్తుంటే ఆయనకి ఉన్నట్టుండి సిగ్గేసింది. ఇంత కాలం ఈ మనిషిని చీకట్లో కూర్చోబెట్టాను కదా అనుకున్నాడు. రేపే తాపీమేస్త్రీని పిలిచి వంటగది గోడకి కిటికీ కొట్టించాలి. ఆ సంగతి ఇప్పుడే, తన నోటితోనే చెప్పాలి.

“మాస్టరూ,” అని గొంతెత్తి పిలిచాడు. “ఓసారి బయటికి వచ్చి చూడండి, మీ సూపు ఎంత బాగుందో.”

“ఇక్కణ్ణుంచి కూడా బాగుందండీ,” అన్న జవాబు ఆ బోర్డు కిందనే ఉన్న ఎదురు హోటలు వంటగది కిటికీలోంచి వచ్చింది.