లేడీస్ డే

"ఆ దినం మొగోళ్ళను గేటు కాడ్నే ఆపుతరు. ఇంకేం ఫికర్ నీకు?" అన్నాడు రవికిరణ్.

నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఏటా ఒక రోజు ఆడవాళ్ళకే. ఆ రోజైనా పదేళ్ళ కూతురు దివ్యశ్రీని తీసుకెళ్ళమని భార్య ఉజ్వల వెంట పడ్డాడు.

ఉజ్వల పనిచేసేది ఆబిడ్స్‌లో. నుమాయిష్‌కు నడిచి వెళ్ళిపోవచ్చు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఆ గేటు దాటలేదు. జనవరి వస్తే చాలు, ఆటోను నాంపల్లి వైపే పోనివ్వదు. మొజంజాహీ మార్కెట్ మీదుగా చుట్టూ తిప్పించుకుంటుంది.

కారణం ఇంట్లో అందరికీ సగం తెలుసు. పదమూడేళ్ళప్పుడు నుమాయిష్‌లో ఆమె ఒంటి మీద ఓ పాడు చెయ్యి పడింది. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పబోతే, "జనంల తగుల్తనే ఉంటయ్ బిడ్డా. ఎవ్వరికి చెప్పకు" అని తల్లి నోరు మూయించింది. జనం పేరు చెప్పి ఏ చండాలాన్నైనా కప్పేయొచ్చు.

ఆ చెయ్యి మాత్రం పోలేదు. ఇప్పటికీ ఉజ్వల రోజుకు మూడుసార్లు స్నానం చేస్తుంది, తోలు ఊడేలా రుద్దుకుంటుంది. వెనక నుంచి ఎవరు తాకినా ఉలిక్కిపడుతుంది. గాజులు వేసుకోదు. పక్కింట్లో గాజులు గలగలమన్నా లేచి కిటికీ మూసేస్తుంది. తన ఒళ్ళంటే తనకే రోత. చేసినవాళ్ళది కాక ఆ రోత తనదెందుకైందన్నది మరీ రోత.

"వాడు దొరికితే చేతులు ఇరగ్గొడ్త" అంటుంటాడు రవికిరణ్. ఆమె మాట మార్చేస్తుంది.

చివరికి కూతురి మొహం చూసి ఒప్పుకుంది. గేటు దగ్గర కలుస్తానన్న తల్లి ముందే వచ్చేసింది. పక్కన సౌభాగ్య చిన్నమ్మ కూడా ఉంది.

"పిల్లకు తోడుంటదని నేనే రమ్మన్న" అంది తల్లి.

ఉజ్వల కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది. నిజంగానే ఎటు చూసినా ఆడవాళ్ళే. మిర్చి బజ్జీల వాసన, స్వెటర్ల బేరాలు, నవ్వులు. అరగంట బాగానే గడిచింది. అప్పుడు దివ్యశ్రీ జెయింట్ వీల్ ఎక్కుతానంది.

"మీ అమ్మకు కండ్లు తిరుగుతయ్. నాతోని పా బిడ్డా" అంటూ చిన్నమ్మ టికెట్లు తీసుకొచ్చి పిల్ల చెయ్యి అందుకుంది.

ఉజ్వల ఒక్క గుంజు గుంజింది. దివ్యశ్రీ నొప్పికి ఏడ్చింది. ఆమె వదల్లేదు. కూతురిని పొట్టకు అదుముకుని, ఇనుప కడ్డీ పట్టుకుని అక్కడే వాంతి చేసుకుంది. లైన్లో ఉన్న ఆడవాళ్ళు ముక్కు మూసుకుని పక్కకు జరిగారు.

"పాపం, దానికి ఆ భయం ఇంక పోలే" అంది చిన్నమ్మ, నీళ్ళ సీసా మూత తీస్తూ.

తల్లికి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. "ఏందే ఇది? దుకాణపోళ్ళు తప్ప గీడ మగపురుగు లేదు. ఎవరికి భయపడ్తున్నవ్, జర చెప్పు."

ఉజ్వల మూతి తుడుచుకుంది. నీళ్ళు తీసుకోలేదు. తల్లి కళ్ళలోకి చూసి, ఆనాడు గొంతులోనే ఆగిపోయిన మాట చెప్పింది.

"అమ్మా, నువ్వు నన్ను చిన్నమ్మ పక్కన కూసోబెట్టి గీ జెయింట్ వీల్ ఎక్కిచ్చిన రోజు గూడ లేడీస్ డేనే."