ఇంటిబండి పరీక్ష

“ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను ఒకేసారి వేస్తే ఏమవుతుంది?” అని అడిగిందామె, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని.

టైలరుకు ప్రాణం లేచివచ్చింది. సరిగ్గా ఈ ప్రశ్నే రావాలని దారి పొడుగునా కోరుకున్నాడు.

“ఇన్వర్టరు నోరు మూసుకుంటుందండీ. అది వెయ్యి వాట్లది. ఇస్త్రీపెట్టె ఒక్కటే దాదాపు అంతా లాగేస్తుంది. మిషను కూడా తోడైతే ఠక్కున ఆగిపోతుంది. అందుకే ముందు కుట్టుకోవాలి, తర్వాత ఇస్త్రీ. అదీ బయట ప్లగ్గు దొరికినప్పుడే.”

ఆమె రాసుకుంది. మార్కులు వేస్తోందేమోనని టైలరు మెడ సాచి చూడబోయి, మర్యాద కాదని సర్దుకు కూర్చున్నాడు. కాళ్లు మాత్రం చెప్పిన మాట వినడం లేదు. లేని మిషను తొక్కుతున్నట్టు, ఒకటి ఆగితే ఇంకొకటి ఊగుతోంది.

పడక, పొయ్యి, బల్ల, సింకు అన్నీ లోపలే అమర్చిన పాత ఇంటిబండి అది. అద్దెకిస్తామన్న ప్రకటనలో యజమాని పేరు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, చిరునామా మాత్రం మెసేజీగా వచ్చింది. షరతు మాత్రం గట్టిగా ఉంది. కిందటిసారి తీసుకున్నవాడు కరెంటు సంగతి తెలియక వైర్లు కాల్చి బండిని తిరిగి అప్పగించాడట. అందుకని ఈసారి తెలిసినవాళ్లకే ఇస్తారట. పది గంటలకు రావాలి, ముందు వచ్చినవారిని ముందు అడుగుతారు, తడబడకుండా చెబితే తాళం వాళ్ల చేతిలోనే పెడతారు, రెండోవారి దాకా పోరు.

టైలరు తొమ్మిదిన్నరకే వచ్చి వాలాడు. ఆవరణంతా ఖాళీ. బండి తలుపు తెరిచి ఉంది. కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని, “రండి, కూర్చోండి,” అంది. హమ్మయ్య, తనకంటే ముందు ఎవరూ రాలేదు.

“లైట్లు వెలుగుతున్నాయి కానీ ప్లగ్గులు పనిచేయడం లేదు. ఎందుకు?”

“రెండూ వేరే కరెంట్లండీ. లైట్లు, ఫ్యాను, నీళ్ల మోటారు నేరుగా బ్యాటరీ మీద నడుస్తాయి. పన్నెండు వోల్టులు. గోడకున్న ప్లగ్గులకు ఇంట్లోలాంటి కరెంటు కావాలి. బయటి నుంచి కేబులైనా తగిలించాలి, ఇన్వర్టరైనా వేయాలి. రెండు రంగుల నూలు అనుకోండి. ఒకే సూదిలోకి ఎక్కించకూడదు.”

“కొంచెం నెమ్మదిగా చెప్పండి.”

తడబడతాడేమోనని చూస్తోంది కాబోలు. టైలరు నెమ్మదిగా, మాట మాట విడదీసి మళ్లీ చెప్పాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. భార్య.

“ఏమండీ, ఏమైంది?”

“అడుగుతున్నారే. అన్నీ చెబుతున్నా.”

“అడిగినదానికే చెప్పండి. మీకు మాట దొరికితే కత్తెర ఆగదు.”

“సరేలే, పెట్టెయ్,” అని విసుక్కుని ఫోను జేబులో కుక్కుకున్నాడు.

“బ్యాటరీ ఎంతవరకు వాడుకోవచ్చు?” అందామె.

“సగం. ఇది పాతరకం బ్యాటరీ కదా, పూర్తిగా పీల్చేస్తే తొందరగా చచ్చిపోతుంది. పైన సోలారు పలక ఉందని ధీమా పడకూడదు, మబ్బు పట్టిన రోజు దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. బండి నడిపినా కొంత నిండుతుంది.” అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. “మీరు అడగలేదు గానీ, కేబులు తగిలించే వరస కూడా చెబుతాను. ముందు లోపలి మెయిన్ ఆపాలి. తర్వాత కేబులు. ఆ తర్వాతే మెయిన్. కిందటిసారి వైర్లు కాల్చినాయన ఇక్కడే తప్పు చేసుంటాడని మా బావమరిది అన్నాడు.”

ఆమె ఆ ముక్క కింద రెండు గీతలు గీసుకుంది. టైలరు మనసు గాల్లో తేలింది. కరెంటు పనిచేసే ఆ బావమరిది పన్నెండు రోజులు పాఠం చెప్పాడు. “బావా, నీ బుర్రలో ఫ్యూజు ఎప్పుడో ఎగిరిపోయింది,” అని రోజుకు పదిసార్లు తిట్టాడు. కాజాలు కుట్టే వేళ్లతో వైర్లు విప్పించాడు, మళ్లీ కలిపించాడు. ఆ తిట్లన్నీ ఇవాళ దీవెనల్లా అనిపించాయి.

“ఇంతకీ మీకు ఈ బండి ఎందుకు?”

కాళ్లు ఆగిపోయాయి.

“నా కొట్టు ఉన్న వరసంతా రోడ్డు వెడల్పు చేయడానికి పడగొడుతున్నారండీ. ఇంకో తొమ్మిది రోజులు. కొత్తచోట అద్దెకు అడిగితే అందరూ మొహం చాటేశారు. ఇందులో మిషను పెట్టుకుంటే కొట్టునే జనం దగ్గరికి తీసుకెళ్లొచ్చు. ఇది గానీ పోతే ఈ వయసులో ఇంకోడి దగ్గర బొత్తాలు కుట్టాలి. నాకు భయంగా ఉందండీ.”

ఆమె కలం ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“నాక్కూడా ఇది కావలసిన బండే,” అంది చిన్నగా.

ఇష్టపడి వాడుకున్న బండిని వదులుకోవడం ఎవరికైనా కష్టమే కదా అనుకున్నాడు టైలరు. “ప్రాణంలా చూసుకుంటానండీ,” అని మాటిచ్చాడు.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఒక పెద్దాయన దిగి, చెమట తుడుచుకుంటూ బండివైపే రాసాగాడు. టైలరు గబుక్కున ఆమెవైపు తిరిగాడు.

“ఇంకొకాయన వచ్చేస్తున్నాడండీ! బండి అయిపోయిందని చెప్పేయండి. నేను అన్నిటికీ జవాబు చెప్పాను కదా?”

“ఒక్కటీ వదలకుండా చెప్పారు.”

ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుని లేచింది. టైలరు వంక ఒకసారి చూసింది. పెద్దాయన మెట్టెక్కి లోపలికి తొంగిచూశాడు.

“యజమానిగారూ, ముందు వచ్చింది నేను, అడగండి,” అందామె.